బిడ్డల కండ్లజోడు: ఎన్నికయు మన్నికయు

మన యిండ్లలో బిడ్డలకు పావడా గాని, లాగు గాని కుట్టించునప్పుడు రెండంగుళముల గుడ్డ లోపలికి మడిచి కుట్టుమని దర్జీకి చెప్పుట వాడుక. చెప్పులు కొనునప్పుడు ఒక సైజు పెద్దవి ఏరుదుము. ఎదుగుచున్న బిడ్డకు వచ్చు సంవత్సరము గూడ పనికివచ్చునను ముందుచూపు అందులో నున్నది. బట్టల విషయమున ఈ పొదుపు మెచ్చదగినదే. కండ్లజోడు విషయమున మాత్రము ఇదే పొదుపు బిడ్డకు కీడు చేయును.

"మన్నికయైన ఫ్రేము ఏది?" అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. మా సమాధానము ఇది: నేడు ఆ బిడ్డ ముఖమునకు సరిపోవు చట్రమే మన్నికయైన చట్రము. సరిపోని చట్రము ఎంత గట్టిదైనను పుస్తకాల సంచిలోనే కాలము గడుపును. అది విరుగకపోవుట నిజమే గాని, దానివలన బిడ్డకు చూపు రాదు. ఏల యిట్లు చెప్పుచున్నామో, సరిపోవు చట్రమును అంగడిలో ఎట్లు గుర్తింపవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

దోషము భాషదా, చూపుదా?

చెన్నపురిలో పుట్టి పెరిగిన మన బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, తరగతిలో రెండింటితో పాటు ఇంగ్లీషును ఎరుగుదురు. తమిళ లిపిలో ఒత్తక్షరములకు వేరు రూపములు లేవు. క, ఖ, గ, ఘ అను నాలుగు ధ్వనులకు ఒక్క అక్షరమే చాలును. కావున మన బిడ్డ "ధార" అని వ్రాయవలసినచోట "దార" అని వ్రాసినచో, "తమిళపు అలవాటు, పెద్దయైన పిదప దిద్దుకొనును" అని పెద్దలు సరిపెట్టుకొందురు. పలుమారు అది నిజమే. కాని ప్రతిమారు నిజము కాదు.

నల్లబల్లపై ద, ధ, థ లకును, ప, ఫ, ష లకును, ర, ఠ లకును గల భేదమెల్ల ఒక చుక్కయో, ఒక చిన్న గీతయో. దూరపు చూపు మందగించిన బిడ్డకు అందరికంటె ముందుగా మాయమగునవి ఈ చుక్కలును గీతలును. తెలుగు రాదని, మందబుద్ధియని, శ్రద్ధ లేదని పేరుపడిన బిడ్డకు నిజముగా లేనిది చూపు మాత్రమే కావచ్చును. మన వంటి పాఠశాలలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరము. "వీనికి తెలుగు చదువు పట్టుబడదు" అని తలంచి బిడ్డను తెలుగు తరగతినుండి మాన్పించుట, కంటికి మందు వేయవలసినచోట చెవికి వేయుట వంటిది.

దీనిని ఇంటనే కొంతవరకు పరీక్షింపవచ్చును. ఒత్తక్షరములు గల పది మాటలను ఏర్పరచుకొనుడు. వానిని ఒకనాడు నోట చెప్పి వ్రాయించుడు; మరునాడు పుస్తకము చేతికిచ్చి చూచి వ్రాయించుడు; మూడవనాడు పెద్ద కాగితముపై వ్రాసి గోడకు అంటించి, పది పన్నెండడుగుల దూరమునుండి చూచి వ్రాయించుడు. మొదటి రెండింట సరిగా వ్రాసి, మూడవదానిలో ఒత్తులు జారవిడిచినచో, దోషము భాషది కాక చూపుదై యుండునని అనుమానింపవలెను. దీర్ఘదృష్టి, అసమదృష్టి గల బిడ్డలు దగ్గరి అక్షరములందును తడబడవచ్చును. కావున ఈ పరీక్ష వైద్యునికి బదులు కాదు. వైద్యుని కడకు వెంటనే పోవుటకు ఒక కారణము మాత్రమే.

వైద్యుని కడకే పోవలెనని ఏల చెప్పుచున్నామనగా, బిడ్డల కంటి కండరములు మిక్కిలి బలముగలవి. పరీక్షించునప్పుడు అవి బిగుసుకొని అసలు పవరును మరుగుపరచును. అందుచేత చుక్కల మందు వేసి, ఆ బిగువును సడలించిన పిదపనే వైద్యుడు పవరును నిర్ణయించును. అంగడిలోని యంత్రము క్షణములో చూపు అంకె బిడ్డలకు చాలదు. మన నగరములో ఎగ్మూరునందలి ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో నెలకొల్పబడినది. 1978లో వెలసిన శంకర నేత్రాలయము మరొకటి. ఇట్టి సదుపాయములు దగ్గరనుండగా ఆలస్యము చేయుట తగదు. ఒక కన్ను మందగించి, మెదడు ఆ కంటి చూపును విడనాడు వ్యాధి యొకటి కలదు. దానిని ఏడెనిమిది ఏండ్లలోపల కనిపెట్టినచో చికిత్స బాగుగా ఫలించును. వయస్సు పెరిగినకొలది ఫలము తగ్గును.

సరిపోవుట యనగా నేమి?

అద్దములో ఎచటినుండి చూచినను చూపు ఒక్క తీరుగనే యుండునని అనేకులు తలంతురు. అది సరికాదు. పవరు గల ప్రతి అద్దమునకు ఒక కేంద్రము కలదు. కంటిపాప దాని కెదురుగా నుండవలెను. తొలగినచో అద్దము పట్టకము వలె పనిచేసి, వస్తువును ఉన్నచోటనుండి జరిపి చూపును. 4 డయాప్టర్ల అద్దపు కేంద్రము 5 మిల్లీమీటర్లు తొలగినచో, మీటరు దూరమున నున్న వస్తువు 2 సెంటీమీటర్లు జరిగినట్లు తోచును. రెండు కన్నులకు రెండు విధములుగా జరిగినప్పుడు, ఆ రెండు రూపములను కలిపి చూచుటకు బిడ్డ శ్రమపడవలెను. తలనొప్పి వచ్చును. "ఈ జోడు నాకు వద్దు" అని బిడ్డ తీసివేయును. మనము దానిని మొండితనమందుము.

జోడు ముక్కుమీదికి జారుట వలన మరొక నష్టము కలదు. హ్రస్వదృష్టి అద్దము కంటికి దూరమైనకొలది దాని బలము తగ్గును. పెద్ద పవరులలో ఈ నష్టము గణింపదగినది: 10 డయాప్టర్ల అద్దము 5 మిల్లీమీటర్లు ముందుకు జారినచో సుమారు అర డయాప్టరు తగ్గినట్లే. చిన్న పవరులలో ఇది స్వల్పమే గాని, జారిన జోటి పైనుండి చూచు అలవాటు బిడ్డకు పడినచో, అది ముఖముపై నున్నను లేనట్లే. ధ మరల ద యగును.

బిడ్డల ముక్కుదూలము పెద్దలదాని వలె లేచియుండదు. కావున పెద్దల చట్రపు నమూనానే కుదించి చేసినవి వారి ముక్కుపై నిలువవు. బిడ్డల కొరకే చేసిన చట్రములలో ముక్కుపై కూర్చుండు భాగము కొంత క్రిందుగను, వెడల్పుగను ఉండును. అంగడిలో మొదట దానినే చూడవలెను; రంగును గాని బొమ్మను గాని కాదు.

జోడు పెట్టిన పిదప బిడ్డ కెదురుగా, ఆ బిడ్డ ఎత్తున కూర్చుండి చూడుడు. కంటిపాపలు అద్దముల వెడల్పునకు ఇంచుమించు నడుమనో, కొంచెము లోపలి వైపుననో ఉండవలెను. ఎత్తున నడిమికి కొంచెము పైగా నున్నను దోషము లేదు. ముక్కుపై చట్రము రెండు ప్రక్కల సమముగా ఆనవలెను; ఒకచోట గ్రుచ్చుకొని మరొకచోట ఎడము విడువరాదు. చెవులపైకి పోవు కమ్ములు కణతలను నొక్కరాదు. వెలుపలికి విచ్చుకొనియు నుండరాదు. కమ్మి వంపు చెవి పైభాగము దాటిన వెంటనే మొదలుకావలెను. అంతకంటె వెనుక మొదలైనచో జోడు తప్పక జారును. పిదప బిడ్డను నవ్వించుడు. నవ్వినప్పుడు బుగ్గలు చట్రమును పైకి ఎత్తరాదు. కనురెప్పల వెండ్రుకలు అద్దమును తాకరాదు. కడపట తల వంచి నేలను చూడుమనుడు, తల ఊపుమనుడు, రెండు మారులు గెంతుమనుడు. ఇన్ని చేసినను నిలిచిన జోడే ఆటలందును నిలుచును. అంగడివాడు విసుగుకొనునేమో యని మొగమాటపడరాదు. ఈ జోడు ఒక సంవత్సరము దినమునకు పండ్రెండు గంటలు బిడ్డ ముఖముపై నుండవలసినది.

కమ్మిపై నున్న అంకెలు

చట్రపు కమ్మి లోపలి వైపున సన్నని అంకెలు అచ్చువేయబడి యుండును. వానిని చదువుట ఎవరికైనను సులభము. ఉదాహరణకు 45, 16, 125 అని యున్నదనుకొందము. మొదటిది ఒక అద్దపు వెడల్పు; రెండవది రెండద్దముల నడుమ ముక్కుపై నుండు ఎడము; మూడవది కమ్మి పొడవు. అన్నియు మిల్లీమీటర్లే.

మొదటి రెండంకెలను కూడినచో 61 వచ్చును. ఇది చట్రపు రెండద్దముల నడిబిందువుల మధ్య దూరము. బిడ్డ రెండు కంటిపాపల నడుమ దూరమును కొలిచి చీటిపై వ్రాయుమని పరీక్షించినవారిని అడుగుడు. అది 55 అనుకొందము. 61కి 55కి భేదము 6. అనగా ఒక్కొక్క అద్దపు కేంద్రమును 3 మిల్లీమీటర్లు లోపలికి జరిపి కోయవలెను. ఇది సాధారణమే. అదే బిడ్డకు "రెండేండ్లు పనికివచ్చునులే" అని 50, 17 అంకెలు గల చట్రమును కొన్నచో మొత్తము 67 అగును. ఒక్కొక్క అద్దమును 6 మిల్లీమీటర్లు జరుపవలసియుండును. హ్రస్వదృష్టి అద్దము అంచుకు పోయినకొలది మందమగును గనుక, పెద్ద చట్రమున అద్దపు వెలుపలి అంచు లావై, బరువు పెరిగి, జోడు మరల జారును. తోడి బాలురు "సోడాబుడ్డి" యని వెక్కిరించునది ఈ లావు అంచునే. చిన్న చట్రము, గుండ్రనికి దగ్గరైన ఆకారము ఎంచుకొన్నచో అదే పవరు సన్నగను, తేలికగను కనబడును. కూడిన అంకె కంటిపాపల దూరమునకు ఎంత దగ్గరగా నున్నచో అంత మేలు.

పాత జోటి అంకెలను ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. మరుసటిమారు బిడ్డ ముఖము ఎంత ఎదిగినదో దానివలన తెలియును.

ఏ పదార్థము మేలు?

నేడు అంగడిలో బిడ్డల చట్రములు ముఖ్యముగా మూడు తెగలవి.

మొదటిది సెల్యులోజు ఎసిటేటు. పత్తి పీచునుండి గాని, కఱ్ఱగుజ్జునుండి గాని తీసిన పదార్థముతో దీనిని చేయుదురు. వేడిచేసి వంచుటకు అనుకూలము గనుక బిడ్డ ముక్కుకు, చెవికి తగినట్లు సవరింపవచ్చును. కాని ఎండలో నిలిపిన వాహనముపై విడిచినచో వంకరపోవును. చెమట, తలనూనె చాలకాలము పట్టినచో తెల్లబారును.

రెండవది నైలాను జాతి ప్లాస్టిక్కు. టీఆర్-90 అను పేరున అమ్మబడునది ఇదియే. తేలికయైనది, వంచినను వెనుకకు వచ్చును, బంతి తగిలినను సులభముగా విరుగదు. ఆడుకొను చిన్నబిడ్డలకు మంచిది. అయితే దీనిని వేడిచేసి సవరించుట కష్టము. కావున కొనునాడే సరిగా సరిపోయినదై యుండవలెను; "తరువాత సర్దుదుము" అను మాట దీనికి చెల్లదు. పేరు చూచి మోసపోక, రెండు కమ్ములను మెల్లగా ఎడము చేసి విడిచి చూడుడు. చప్పుడు లేక మునుపటి రూపమునకు వచ్చినదే పనికివచ్చును.

మూడవది లోహము. దీనికి ముక్కుపై ఆనుటకు వేరుగా చిన్న బిళ్లలుండును. వానిని వంచి ఎంత చదునైన ముక్కుకైనను సరిపరుపవచ్చుట గొప్ప సౌకర్యము. స్టెయిన్లెస్ స్టీలు, టైటానియము మంచివి. టైటానియము తేలికయైనది, తుప్పు పట్టదు, కాని వెల హెచ్చు. చౌక లోహపు చట్రములలో నికెలు, రాగి కలిసియుండుట కలదు. సముద్రపు గాలియు చెమటయు గల మన ఊరిలో పైపూత లేచిన వెంటనే అవి పచ్చగా చిలుమెక్కును. నికెలు పడని బిడ్డలకు చెవివెనుక, ముక్కుపై దద్దురులు లేచును. చౌక చెవిపోగులవలన చెవి పుండైన బిడ్డకు ఇట్టి చట్రము కొనకుండుట మంచిది.

ఐదేండ్లలోపు పసివారికి మెత్తని రబ్బరు వంటి చట్రములు, తలవెనుక కట్టు పట్టీలు దొరకును. అవి వారికి తగును.

కీలు, స్క్రూ, అద్దము

బిడ్డల జోడు మొదట చెడునది కీలు దగ్గరనే, ఏలయన బిడ్డ ఒంటిచేతితో లాగి తీయును. వెలుపలికి కొంచెము విచ్చుకొని మరల మూసికొను స్ప్రింగు కీలు ఈ లాగుడును ఓర్చును. కాని దాని స్ప్రింగు పోయినచో చిన్న అంగడిలో బాగుచేయుట కష్టము. సాధారణపు స్క్రూ కీలును ఎచటనైనను నిమిషములో బిగింపవచ్చును. కావున తుంటరి బిడ్డకు మొదటిదియు, నెమ్మదిగల బిడ్డకు రెండవదియు చాలును. ఏదైనను కమ్మిని తెరచి మూసి చూడుడు: బిగువుగా, చప్పుడు లేక కదలవలెను, వ్రేలాడరాదు. ఎసిటేటు చట్రములలో కీలును మేకులతో తాపిన దానికి, జిగురుతో అంటించిన దానికంటె పట్టు హెచ్చు.

చట్రము ఎంత మంచిదైనను అద్దము పగులునదైనచో బిడ్డ కంటికే ప్రమాదము. గాజు అద్దములు బిడ్డలకు పనికిరావు. పాలీకార్బొనేటు అద్దములు దెబ్బకు సులభముగా పగులవు. ఎండలోని హానికర కిరణములను గూడ అడ్డగించును. కాని వాని పైభాగము మెత్తన గనుక గీతలు పడకుండ గట్టి పూత వేయించవలెను. ట్రైవెక్సు అనునదియు ఇట్టి బలము గలదే. అంచు లేని చట్రములును, సగము అంచు గలవియు పెద్దలకు అందము కావచ్చును గాని బిడ్డలకు వలదు. అద్దమును చుట్టును కాపాడు అంచు కావలెను.

ధనము పరిమితముగా నున్నప్పుడు దానిని దేనిపై వెచ్చింపవలెనని అడిగినచో, మొదట సరియైన పరీక్షపైన, పిదప పగులని అద్దముపైన, మూడవది చట్రముపైన అని చెప్పుదుము. పెద్ద కంపెనీ పేరునకు చెల్లించునది బిడ్డ చూపునకు చేరదు. అన్న విడిచిన చట్రము తమ్ముని ముఖమునకు నిజముగా సరిపోయినచో వాడవచ్చును. అద్దములు మాత్రము తమ్మునివే కావలెను. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ పథకము క్రింద చూపు దోషము గల పాఠశాల విద్యార్థులకు ఉచితముగా కండ్లజోళ్లు ఇచ్చు ఏర్పాటు కలదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వైద్య బృందములు ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక పాఠశాలలలో చూపును గూడ పరీక్షించును. ఉచితముగా వచ్చినదని చిన్నచూపు చూడక తీసికొనుడు. కాని పైన చెప్పిన గెంతు పరీక్ష దానికిని పెట్టుడు.

బిడ్డ యిష్టము

సరిపోవు చట్రములు రెండు మూడు ఏర్పరచిన పిదప, వానిలో ఒకదానిని ఎంచుకొను అధికారము బిడ్డకే విడువుడు. రంగు మనకు నచ్చకపోయినను అడ్డుచెప్పరాదు. తాను ఎన్నుకొన్నదానిని బిడ్డ ప్రీతితో పెట్టుకొనును.

ఆడబిడ్డకు కండ్లజోడు పెట్టించినచో రేపు సంబంధములు కుదరవని భయపడి, బడికి పంపునప్పుడు పెట్టి, పేరంటమునకు తీసికొనిపోవునప్పుడు తీసివేయు తల్లులు నేటికిని లేకపోలేదు. ఆ బిడ్డ దానివలన నేర్చుకొనునది ఒక్కటే: ఇది సిగ్గుపడవలసిన వస్తువని. పిదప బడిలోను తీసి దాచును. కనబడని బల్లయెదుట కూర్చుండి పోగొట్టుకొనిన చదువును ఏ సంబంధమును తిరిగి తేజాలదు.

సంరక్షణ

జోటిని రెండు చేతులతో తీయుట, రెండు చేతులతో పెట్టుట మొదటినాడే నేర్పుడు. అద్దములు క్రిందికి ఆనునట్లు ఎన్నడును పెట్టరాదు. తీసిన జోటికి గట్టి పెట్టెయే చోటు. చొక్కా జేబు కాదు. తరగతిలో సుద్దపొడి అద్దములపై పడును. పొడిగా నున్నప్పుడు చొక్కా అంచుతోనో, చీర చెంగుతోనో తుడిచినచో ఆ పొడియే గీతలు గీయును. దినమున కొకమారు నీటిలో తడిపి, కొంచెము సబ్బు రాసి కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. మన బిడ్డలకు తలనూనె రాయుట వాడుక గనుక కమ్ములను, ముక్కుబిళ్లలను గూడ కడుగుడు. నూనె పట్టిన జోడు ఎంత సరియైనదైనను జారును. పొయ్యి దగ్గరను, ఎండలోను ఉంచరాదు.

మూడు నెలల కొకమారు అంగడికి తీసికొనిపోయి స్క్రూలు బిగించి, కమ్ములు సరిచేయించుడు. కనీసము ఏడాదికొకమారు, వైద్యుడు చెప్పినచో ఆరునెలలకే, కన్నులను మరల పరీక్ష చేయించుడు. పవరు మారకున్నను ముఖము ఎదిగినచో చట్రము మార్చవలెను. పాతదానిని పారవేయక, పవరు అదియే యైనచో, విరిగిననాటికి ఆదుకొనునట్లు దాచుడు.

క్రొత్త జోడు పెట్టిన పదునైదు దినములకు, బిడ్డ తరగతిలో దానిని పెట్టుకొనుచున్నదా, పైనుండి చూచుచున్నదా యని ఉపాధ్యాయుని అడుగుడు. పిదప ఆ పది మాటలను మరల గోడకు అంటించి, అదే దూరమునుండి వ్రాయించుడు. ఒత్తులన్నియు తమ తమ చోట్లకు వచ్చినచో, మీరు కొన్న చట్రము మంచిదే.